సిపాయి జాబులు

ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరములో బులోన్ అనే రేవుపట్టణము కలదు. మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైన తొలి చలికాలములో, ఆ పట్టణములోని ఒక కార్యాలయములో కొద్దిమంది ఉద్యోగులు ప్రొద్దుటినుండి దీపాలవేళ వరకు ఉత్తరాలు చదువుతూ కూర్చొనేవారు. ఆ ఉత్తరాలు వారికి వచ్చినవి కావు. వారానికి వేలకొద్దీ వచ్చిపడే ఆ జాబులన్నీ హిందూదేశమునుండి వచ్చి యూరపులో పోరాడుతున్న సిపాయిలవి. ఉర్దూలో, గురుముఖిలో, హిందీలో, మరాఠీలో, గుర్ఖాలీలో వ్రాసినవి. వాటిని విప్పి చదివి, ప్రభుత్వమునకు కిట్టని మాట ఏదైనా ఉన్నదేమో చూచి, ముఖ్యమైనవాటిని ఇంగ్లీషులోనికి అనువదించి, వారమువారము ఒక నివేదిక తయారుచేయడము వారి పని. ఈ సెన్సారు కార్యాలయమునకు మొదటి అధికారి కాప్టెన్ హోవెల్.

సర్కారు కనిపెట్టదలచినది రాజద్రోహము. గదర్ పార్టీ కరపత్రాలు టపాలో సిపాయిల చేతికి చేరుతున్నవని దొరలకు బెంగ. కాని ఆ సంచులలో ఎక్కువగా దొరికినది వేరు. తల్లికి కొడుకు చెప్పుకొన్న భయము, తమ్ముడికి అన్న పంపిన హెచ్చరిక, పొలము కవులు, ఎద్దుల బేరము, పెండ్లాము మీద అనుమానము, చంటిబిడ్డ పేరేమి పెట్టినారన్న ప్రశ్న. యుద్ధము మనుష్యులను ఏమి చేస్తుందో తెలుసుకొనుటకు సేనాపతుల జ్ఞాపకాలకంటె ఇవి నమ్మదగిన ఆధారము. రాజద్రోహమును వెదకబోయిన ప్రభుత్వము, తనకు తెలియకుండానే, వేలాది పల్లెటూరివారి గుండెచప్పుడును దస్త్రాలలో భద్రపరచినది. ఆ నివేదికలు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి.

వారిలో ఎక్కువమంది చదువురానివారు. పటాలములో నాలుగక్షరాలు వచ్చినవానిచేత వ్రాయించేవారు. అది ఊరిలో చదువు వచ్చిన మరొకడు చదివితేగాని ఇంటివారికి అర్థము కాదు. నడుమ పటాలపు అధికారి ఒకసారి, బులోన్ సెన్సారు ఒకసారి. ఇన్ని కళ్ల ఎదుట మగడు ఆలికి ఏమి చెప్పగలడు? అందుచేత మరుగుమాటలు పుట్టినవి. నల్లమిరియాలు చాలావరకు ఖర్చయిపోయినవనీ, ఇప్పుడు ఎర్రమిరప వాడుతున్నారనీ ఒక సిపాయి ఇంటికి వ్రాయించినాడు. నల్లమిరియాలు హిందూదేశపు సిపాయిలు, ఎర్రమిరప తెల్లసోల్జర్లు. సెన్సారువాడు ఇంత సులువైన పొడుపుకథను విప్పలేనివాడు కాడు. అయినా చాలా ఉత్తరాలను ఆపక పోనిచ్చేవాడు. అన్నీ ఆపితే సిపాయి వ్రాయడమే మానివేస్తాడనీ, అప్పుడు వాని మనస్సులో ఉన్నది తెలిసే దారి ఉండదనీ ఎరిగినవాడు.

అసలు జాబులు సంచులకెక్కి ఊళ్లకు పోయినవి. అవి దాదాపు ఏవీ మిగలలేదు. మిగిలినవి ఇంగ్లీషు తర్జుమాలే. పంజాబు జాటు ఒకడు పొలము గట్టు మీద మాటాడినట్లు చెప్పినది, వ్రాయసగాని చేతిలో కొంత మారి, దుబాసీ చేతిలో మరికొంత మారి, గుమాస్తా ఇంగ్లీషులో మనకు చేరినది. అయినను ఆ మూడు తెరల వెనుకనుండి కూడ గొంతు వినబడుతుంది. ఇది యుద్ధము కాదు, లోకము అంతమవుతున్నదని చెప్పినవారున్నారు. కురుక్షేత్రముతో పోల్చినవారున్నారు. తిక్కనగారి స్త్రీపర్వమును తరగతిలో బోధించే ఉపాధ్యాయునికి ఈ పోలికలో వింత కనబడదు. పదునెనిమిది దినాల పోరు ముగిసిన పిమ్మట కళేబరాల నడుమ గాంధారి నిలబడిన ఘట్టము రామాయణ భారతాలు విని పెరిగిన ప్రతి పల్లెవానికి తెలుసు. అక్షరము రాకపోవచ్చును, భారతము రాకపోలేదు.

వీరు అంత దూరము ఎందుకు పోయినట్లు? నెలకు పదకొండు రూపాయల జీతము ఒక కారణము. వానలు నమ్మరాని నేలలో ఆ పదకొండు రూపాయలు పన్ను కట్టేవి, షావుకారు వడ్డీ తీర్చేవి. తాత ముత్తాతలనుండి ఒకే పటాలములో కొలువు చేయడము మరొక కారణము. ఇంకొక మాట ఆ జాబులలో పదేపదే వస్తుంది: ఇజ్జత్. మానము, పరువు, కులమర్యాద అన్నీ ఆ ఒక్కమాటలో ఉన్నవి. ఉప్పు తిన్నాము గనుక ఋణము తీర్చుకోవలెనన్న మాట కూడ తరచు వస్తుంది. తిన్న ఉప్పు ఎవరిది, ఆ ఉప్పు మీద పన్ను వేసినది ఎవరు అన్న ప్రశ్న అప్పటికి వారికి తట్టలేదు. కొందరికి తరువాత తట్టినది.

ఈ సైన్యములో తెలుగువారు తక్కువ. దానికి కారణము ధైర్యలోపము కాదు. కర్ణాటక యుద్ధాలనాటినుండి కుంపిణీకి రాజ్యము సంపాదించిపెట్టినది మద్రాసు సిపాయియే. పందొమ్మిదవ శతాబ్ది చివర లార్డు రాబర్ట్సు మొదలైన సేనానులు వాయవ్య దిక్కువారే వీరజాతులు, దక్షిణాదివారు యుద్ధమునకు పనికిరారని ఒక సిద్ధాంతము లేవదీసి, మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా తగ్గించినారు. ఆ రాబర్ట్సు ప్రభువే 1914 నవంబరులో, ఎనభై రెండేళ్ల వయస్సులో, హిందూదేశపు సేనలను చూడవచ్చి, చలి సోకి ఫ్రాన్సులోనే కన్నుమూసినాడు. దక్షిణాదినుండి మిగిలినవారిలో మద్రాసు సాపర్ల పేరు చెప్పదగినది. వంతెనలు కట్టే, దారులు వేసే ఆ దళములు మెసొపొటేమియాలో టైగ్రిసు నదిని దాటించిన సందర్భము సైనిక చరిత్రలలో ఉన్నది. పశ్చిమ గోదావరిజిల్లా తాడేపల్లిగూడెము చేరువన మాధవరము అనే ఊరున్నది. రెండు ప్రపంచయుద్ధాలకూ మగవారిని పంపి, ఆ తరువాత కూడ పంపుతూ, మిలటరీ మాధవరమని పేరుపడినది. పోయినవారికి అక్కడ స్మారకము కట్టుకొన్నారు.

1914 సెప్టెంబరు చివర మార్సేల్సు రేవులో లాహోరు డివిజను దిగినప్పుడు ఫ్రెంచి జనము పూలు చల్లినారు. మరి నెల తిరుగకముందే ఆ దళములు బెల్జియములోని ఈప్రు పట్టణము ముందర కందకాలలో ఉన్నవి. ఒంటిమీద ఉన్నవి ఎండదేశపు నూలుబట్టలు. చలిబట్టలు అందరికీ సకాలములో అందలేదు. మోకాలిబంటి నీటిలో నిలబడి కాళ్లు చచ్చుబడినవారు, గుండు తగిలినవారితో సమానముగా ఆస్పత్రులకు చేరినారు. 1915 మార్చి 10వ తేదీన న్యూవ్ షాపెల్ అనే చిన్న పల్లె మీద దాడి మొదలైనది. దాడి చేసిన సేనలో ఇంచుమించు సగము హిందూదేశపువారు. మూడుదినాల పోరాటములో వారిలో సుమారు 4,200 మంది చనిపోయినారు, గాయపడినారు లేదా జాడలేక పోయినారు. గెలిచిన నేల ఒక మైలు పైచిలుకు.

గాయపడినవారు సముద్రము దాటి ఇంగ్లండులోని బ్రైటను పట్టణము చేరేవారు. అక్కడ గుమ్మటాలు, మినార్లతో హిందూస్థానీ కోటవలె కనబడే రాజభవనమొకటి ఉన్నది. దానిని ఆస్పత్రిగా మార్చినారు. ప్రభువు తన సొంత మేడను సిపాయిలకు వదలి ఇచ్చినాడని వారు ఇంటికి వ్రాయించి మురిసినారు. నిజమునకు ఆ మేడను పురపాలకసంఘము 1850లోనే కొనివేసినది. మందుకంటె మాట ఎక్కువ పనిచేస్తుందని ఏలికలకు తెలియనిది కాదు. అయినా అక్కడ ఉపచారము మంచిదే. మతాచారాలకు భంగము రాకుండా తొమ్మిది వంటశాలలు, హిందువులకూ ముసల్మానులకూ వేరువేరు నీటికుళాయిలు పెట్టినారు. చనిపోయిన హిందువులను, సిక్కులను ఊరి వెలుపల గడ్డికొండ మీద దహనము చేసినారు. యాభై ముగ్గురి చితులు కాలిన ఆ చోట 1921లో పాలరాతి ఛత్రి వెలసినది. ముసల్మానులను వోకింగులోని మసీదు చెంత పూడ్చినారు.

అదే పట్టణములోని మరొక ఆస్పత్రి కథ వేరు. పూర్వము దరిద్రుల ఆశ్రమముగా ఉన్న ఆ కట్టడానికి కిచెనరు ప్రభువు పేరు పెట్టి, చుట్టూ గోడమీద ముళ్లతీగ బిగించినారు. రోగులు ఊరిలోనికి పోరాదు, ఊరిలోని స్త్రీలతో మాటాడరాదు. దేశము కొరకు చేయి పోగొట్టుకొన్నవానిని ఖైదీవలె మూసినారని ఆ జాబులలో బాధ వెళ్లగ్రక్కినవారున్నారు. ఆ ఆస్పత్రి అధికారి మరొక పని కూడ చేసినాడు. యుద్ధమునుండి తప్పించుకొనుటకు సిపాయిలు తమ చేతులను తామే కాల్చుకొంటున్నారన్న అపవాదు పుట్టగా, వేయి గాయాలను పరీక్షించినాడు. అపవాదుకు తగిన ఆధారము దొరకలేదని తేలినది. చేతిగాయాలు ఎక్కువగా ఉండుటకు కారణము వెదకవలసినది కందకములో: దాగియున్న మనిషి దేహములో తుపాకి పేల్చేటప్పుడు పైకి కనబడేది చేతులూ తలయే.

గాయము మానగానే మళ్లీ కందకానికి పంపడము సిపాయిలను అన్నిటికంటె కుంగదీసినది. ఒకసారి రక్తము ధారపోసినవాడు ఇల్లు చేరుతాడని వారి లెక్క. సర్కారు లెక్క వేరు. ఇండియానుండి క్రొత్తవారు వచ్చుటకు నెలలు పడుతుంది గనుక కుదురుకొన్నవాడు తిరిగి పోవలసినదే. ఈ మాటను చక్రవర్తి ముఖము మీద అనగలిగినవాడు ఒక్కడు. వాని పేరు మీర్ దస్త్, ఆఫ్రిదీ పఠాను, జమాదారు. 1915 ఏప్రిలు 26న విషవాయువు కమ్మిన ఈప్రు రంగములో, నాయకులు కూలిపోయినా తన దళమును నడిపి, గాయపడిన అధికారులను మోసుకొని వచ్చినందుకు అతనికి విక్టోరియా క్రాసు వచ్చినది. ఆ ఆగస్టులో బ్రైటను భవనపు తోటలో జార్జి చక్రవర్తి స్వయముగా పతకము తగిలించి ఏమి కావలెనని అడుగగా, గాయపడి కోలుకొన్నవారిని మళ్లీ యుద్ధానికి పంపవద్దని అతడు వేడుకొన్నాడు. జాగీరు అడుగలేదు, పదవి అడుగలేదు. ఆ కోరిక మాత్రము నెరవేరలేదు. పీల్చిన విషవాయువు అతని ఊపిరితిత్తులను విడువలేదు. తాను పతకము సంపాదించినా వాయువు తనను చెరచివేసినదని అతడు చెప్పుకొన్నాడు.

ఈ మీర్ దస్త్‌కు మీర్ మస్త్ అని సోదరుడున్నాడు. వేరొక పటాలములో జమాదారు. మీర్ దస్త్ విక్టోరియా క్రాసు గెలువక సుమారు ఎనిమిది వారాల ముందు, 1915 మార్చి మొదటివారములో ఒక వానరాత్రి, ఆఫ్రిదీలను కొందరిని వెంటబెట్టుకొని కందకాలు దాటి జర్మనులలో కలిసిపోయినాడు. తుర్కీ సుల్తాను ఇంగ్లీషువారిపై యుద్ధము ప్రకటించియున్న కాలమది. ఖలీఫాపై కత్తి ఎత్తవలసి వస్తుందేమోనన్న శంక పఠానులను పీడిస్తున్నది. ఒకే తల్లికి పుట్టినవారిలో ఒకడు వీరుడు, మరొకడు ద్రోహి అని సైనికన్యాయము తీర్పు చెప్పినది. తీరా లోయలోని ఇంటివారి దృష్టిలో ఎవరు ఏమైనారో చెప్పే జాబు ఆ సంచులలో లేదు.

జర్మనులకు చిక్కినవారికి మరొక లోకము. బెర్లిను దక్షిణాన వున్స్‌డార్ఫ్ వద్ద అర్ధచంద్రశిబిరమని పేరు పెట్టి, హిందూదేశపు బందీలను, ముసల్మాను బందీలను అక్కడ ఉంచినారు. మర్యాదగా చూచి తమవైపు త్రిప్పుకోవలెనని ఎత్తుగడ. భాషాశాస్త్ర పండితులకు అదొక బంగారుగని అయినది. ఇన్ని భాషలవారు ఒక్కచోట, పైగా కదలలేని స్థితిలో! వారు శబ్దగ్రాహక యంత్రములు తెచ్చి బందీలచేత కథలు చెప్పించి, పాటలు పాడించి రికార్డులకెక్కించినారు. 1916 డిసెంబరు 11న మాల్‌సింగు అనే పంజాబీ బందీ ఆ కొమ్ము ముందు నిలబడి ఒక నిమిషముపైగా మాటాడినాడు. ఇతరుని కథవలె చెప్పినాడు: హిందూస్థానములో వెన్న తింటూ పాలు త్రాగుతూ ఉండే మనిషి ఒకడుండేవాడనీ, వానిని ఇంగ్లీషువారు ఈ యుద్ధములోనికి తెచ్చినారనీ, జర్మనులు పట్టుకొన్నారనీ, వానికి ఇల్లు చేరవలెనని ఉన్నదనీ. తన బాధను తనదని చెప్పుకొనుటకు కూడ నోరు రాలేదు కాబోలు. ఉచ్చారణ కొరకు పట్టిన ఆ రికార్డు బెర్లినులోని హంబోల్టు విశ్వవిద్యాలయపు భాండాగారములో ఉన్నది. 2007లో ఒక జర్మను చలనచిత్రకారుడు దానిని వెదకి పట్టి లోకమునకు వినిపించినాడు.

ఇంటిమాట. పోయిన సిపాయి నెలజీతములో కొంత ఇంటికి వచ్చేది. అది వచ్చినంతకాలము మనిషి ఉన్నట్లు. ఇంటినుండి ఫ్రాన్సుకు పోయిన జాబులు కూడ సెన్సారువారు చదివినారు గనుక, ఇవతలి గొంతు కూడ కొంత మిగిలినది. ప్లేగు వచ్చి ఎవరు పోయినారు, పంట ఎట్లున్నది, పాలివాడు గట్టు జరిపినాడు, వ్యాజ్యము వేయవలెనా వద్దా అన్న మాటల నడుమ, ఎప్పుడు వస్తావన్న ప్రశ్న ఉంటుంది. ఉత్తరము రావడము మానిన ఇంట ఆలి విధవరాలో సుమంగళో నెలల తరబడి తేలదు. జాడలేనివాడు అని సైన్యపు లెక్కలో ఒక పద్దున్నది. ఆ పద్దులో చేరినవాని భార్యకు గాజులు తీయుటకు ధైర్యము లేదు, నిలుపుకొనుటకు హక్కు లేదు. పంజాబు జాటులలో చనిపోయినవాని వితంతువును మరిదికి కట్టబెట్టే ఆచారము ఉన్నది. పింఛనూ పొలమూ ఇంటిలోనే నిలువవలెనన్న తాపత్రయము అందులో తక్కువ కాదు.

గఢ్వాలు కొండలలో చంబా సమీపమున పుట్టిన గబ్బర్‌సింగ్ నేగీ న్యూవ్ షాపెల్ దాడి మొదటిదినముననే మరణించినాడు. ఇరవై యేండ్లు నిండలేదు. శత్రుకందకములోనికి మొదట ఉరికి, నాయకుడు కూలిన పిమ్మట తానే నడిపించినాడు. విక్టోరియా క్రాసు చనిపోయిన పిదప వచ్చినది. భార్య సతూరీదేవి బాలిక. ఆమె మరల పెండ్లాడలేదు. ఆ కంచుపతకమును చీరకు తగిలించుకొని జీవితమంతా గడిపినది. ఆమె ఎదురుపడితే సైనికులు వందనము చేసేవారట. భర్త ముఖము ఆమెకు ఎంత గుర్తున్నదో ఎవరూ వ్రాసి ఉంచలేదు. చంబాలో ఏటేటా ఏప్రిలులో అతని పేర తిరునాళ్లు జరుగుతుంది.

జాబులలో దుఃఖమే ఉన్నదనుకొనుట సరికాదు. పంటపొలాల నడుమ ఫ్రెంచి రైతుల ఇండ్లలో బస చేసిన సిపాయిలు, ముఖ్యముగా 1918 వరకు అక్కడే నిలిచిన అశ్వికులు, ఆ ఇంటి ముసలమ్మలను తల్లులవలె తలచినారు. కొడుకు యుద్ధములో పోయినా ఆమె పనిమానక, సిపాయికి కాఫీ కాచి ఇచ్చిన తీరు వారిని కదిలించినది. అక్కడ ఆడపిల్లలు బడికి పోవడము, భార్యాభర్తలు కలిసి ఆలోచించుకోవడము చూచి, మన పిల్లలను కూడ చదివించండి, ఆడపిల్లనూ బడికి పంపండి, పెండ్లిళ్లకు అప్పులు చేయవద్దు అని ఇంటికి వ్రాయించినవారు పలువురు. కందకములో నిలబడి కూతురి చదువును గూర్చి ఆలోచించిన తండ్రి ఏ యుద్ధకావ్యములోనూ కనబడడు. ఇక్కడ కనబడుతాడు.

1915 చివర పదాతిదళాలను మెసొపొటేమియాకు తరలించినారు. హిందూదేశపు సైనికులు అందరికంటె ఎక్కువగా పోరాడినదీ, ఎక్కువగా కడగండ్లు పడినదీ ఆ దేశములోనే. 1915 డిసెంబరు 7నుండి 1916 ఏప్రిలు 29 వరకు, 147 దినములు, కూట్ పట్టణములో జనరల్ టౌన్షెండు సేనను తుర్కీలు ముట్టడించినారు. తిండి అయిపోయి గుఱ్ఱపుమాంసము వండితే, కులధర్మానికి జడిసి అనేకులు ముట్టలేదు. లొంగిపోయిన పిమ్మట సేనాపతిని ఇస్తాంబుల్ చేరువన ద్వీపములో విడిదిచేయించి మర్యాద చేసినారు. సిపాయిలను, వారి వెంటనున్న కూలీలను ఎడారిగుండా నడిపించినారు. వేలమంది దారిలోనూ, రైలుమార్గపు పనులలోనూ రాలిపోయినారు.

ఆ బందీలలో కల్యాణకుమార్ ముఖర్జీ అనే యువ వైద్యుడొకడు. కలకత్తావాడు, ఇంగ్లండులో చదివినవాడు. యుద్ధరంగమునుండి అమ్మకు వ్రాసిన ఉత్తరాలలో అతడు, దేశభక్తి పేర పరరాజ్యము మ్రింగే రోగమును యూరపువారే లోకానికి అంటించినారని, ఈ నెత్తురంతా దాని ఫలమని మొగమాటము లేకుండా వ్రాసినాడు. 1917లో రాసెల్ ఐన్ బందీశిబిరములో జ్వరముతో కన్నుమూసినాడు. ఆ జాబులు మరుగున పడిపోవలసినవే. పడకుండా కాచినది అతని అవ్వ మోక్షదాదేవి. ఎనభై యేండ్ల ప్రాయములో, మనుమని ఉత్తరాలు చేరదీసి, యుద్ధచరిత్రను చదివి తెలుసుకొని, ‘కల్యాణ ప్రదీప్’ అనే వంగభాషా గ్రంథము రచించి 1928లో వెలువరించినది. మెసొపొటేమియా రంగమును గూర్చి ఎందరో జనరళ్లు పుస్తకాలు వ్రాసినారు. వారెవ్వరికీ ఈ ముసలమ్మకున్నంత కారణము లేదు.

సాహిత్యమునకు ఈ యుద్ధమిచ్చినది తక్కువ కాదు. 1915లోనే చంద్రధరశర్మ గులేరీ ‘ఉస్‌నే కహా థా’ అనే హిందీకథలో ఫ్రాన్సు కందకాలలో ఉన్న లహనాసింగును చిత్రించినాడు. అదే యేడు హైదరాబాదులో సరోజినీదేవి, పరదేశపు మట్టిలో ఒరిగిన బిడ్డలను తలచి భారతమాత పలికినట్లు ఇంగ్లీషులో పద్యము వ్రాసి, అక్కడి స్త్రీల యుద్ధసహాయసంఘములో చదివినది. 1940లో ముల్క్‌రాజ్ ఆనంద్ ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ నవల వచ్చినది. సెన్సారు జాబులు చదివి కథలు వ్రాసినవాడు కిప్లింగు; ఆ కథలలో సిపాయి ప్రభుభక్తి పొంగిపొరలుతుంది, నల్లమిరియాల ఊసు రాదు. అయినా ఆ కిప్లింగును వేళాకోళము చేయుటకు నోరు రాదు. కంటిచూపు చాలదని సైన్యము త్రోసిపుచ్చిన తన ఒక్కగానొక్క కొడుకును, రాబర్ట్సు ప్రభువుచేత చెప్పించి సైన్యములో చేర్పించినాడు. పదునెనిమిదేళ్లు దాటి నెలన్నర. 1915 సెప్టెంబరులో లూస్ రంగములో ఆ బాలుడు కూలినాడు. తండ్రి చనిపోయేవరకు శవము దొరకలేదు.

విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనే ఇంగ్లీషు కవి యుద్ధము ముగియుటకు ఏడు దినాల ముందు, 1918 నవంబరు 4న చనిపోయినాడు. సంధి ఘంటలు మ్రోగుతున్న 11వ తేదీన తల్లికి తంతి అందినది. రెండేండ్ల పిమ్మట ఆమె రవీంద్రనాథునికి ఒక ఉత్తరము వ్రాసినది. కొడుకు ఇల్లు విడిచిన చివరిసారి గీతాంజలిలోని మాటలను చెప్పి పోయినాడనీ, వాని జేబుపుస్తకములో ఆ మాటలే వ్రాసియున్నవనీ, అవి ఏ పుస్తకములోనివో తెలుపవలెననీ కోరినది.

ఇండియాకు తిరిగివచ్చినవారికి ఏమి కనబడినది? 1918లో విషజ్వరము దేశమును తుడిచిపెట్టినది. కోటికి పైగా జనము చచ్చినారు. యుద్ధము తప్పించుకొని వచ్చిన సిపాయికి ఇంట దీపము పెట్టే దిక్కులేకపోయిన సందర్భములున్నవి. యుద్ధపు చివరి రెండేండ్లలో పంజాబులో ఊరికింతమందియని లెక్క కట్టి, ఇవ్వని ఊళ్లను బాధించి మనుష్యులను పట్టుకుపోయిన సంగతి 1920 నాటి కాంగ్రెసు విచారణలో బయటపడినది. గాంధీమహాత్ముడు కూడ 1918 వేసవిలో ఖేడాజిల్లా ఊరూరా కాలినడకను తిరిగి సైన్యములో చేరండని అడిగినాడు. సత్యాగ్రహమునకు బండ్లిచ్చిన రైతులు ఈ పనికి ఇవ్వలేదు. ఏ పండితునికీ తీసిపోని వివేకము వారిది. 1919 ఏప్రిలు 13న జలియన్‌వాలాబాగు కాల్పులు జరిగినవి. అంతకుముందే రౌలట్ చట్టము వచ్చియున్నది. ఉప్పు ఎవరిదన్న ప్రశ్న అప్పుడు పుట్టినది.

విదేశాలకు పోయినవారు పదమూడులక్షలకు పైమాట. తిరిగిరానివారు సుమారు 74 వేలు. న్యూవ్ షాపెల్‌లో తామరపూవు శిఖరముగాగల స్తంభముతో స్మారకము కట్టి 1927లో ఆవిష్కరించినారు. జాడలేని 4,700 మందికి పైగా పేర్లు ఆ గోడల మీద ఉన్నవి. ఆ సభకు కిప్లింగు కూడ వచ్చినాడు. ఢిల్లీలో ఇండియాగేటు 1931లో తెరిచినారు; దానిమీద 13 వేలకు పైగా పేర్లు. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు అశ్వికదళములకు గుర్తుగా మూడు కంచుబొమ్మలు తీన్‌మూర్తి కూడలిలో నిలిచినవి.

మెసొపొటేమియాలో మాత్రము లెక్క వేరుగా జరిగినది. బస్రాలో 1929లో తెరిచిన స్మారకము మీద ఇంగ్లీషువారికి అధికారి, సోల్జరు అనే భేదము లేక అందరికీ పేర్లు చెక్కినారు. హిందూదేశపువారిలో అధికారుల పేర్లే చెక్కినారు. తక్కినవారికి పటాలము పేరు, దాని క్రింద మరి ఇంతమంది సిపాయిలని ఒక అంకె. సమాధుల కమిషను తానే వేయించిన విచారణసంఘము 2021లో ఈ పక్షపాతమును ఒప్పుకొన్నది. పంజాబు ప్రభుత్వము యుద్ధము ముగిసిన వెంటనే ఊరూరా తయారుచేయించిన సిపాయిల పట్టికలు, సుమారు 3,20,000 మందివి, లాహోరు మ్యూజియములో తొంబదేళ్లకు పైగా ఎవరూ విప్పక పడియుండి ఆ యేడే వెలుగు చూచినవి. పేరు, తండ్రిపేరు, కులము, ఊరు, పటాలము, చేసిన కొలువు. లండనులోనూ కెనడాలోనూ స్థిరపడిన మునిమనుమలు తమ ఊరిపేరు పట్టుకొని అందులో వెదకుతున్నారు.